హోటళ్ల పొగగొట్టాల లోపలికి ఎవరు తొంగిచూస్తున్నారు?

సంపాదకులు గారికి,

ఆర్యా,

నగరంలో ఆహార భద్రత అధికారులు హోటళ్లను తనిఖీ చేసిన ప్రతిసారీ ఆ వార్త మీ పత్రిక విశాఖ పేజీలో ఫొటోలతో సహా వస్తోంది. ఫ్రిజ్‌లో రోజుల తరబడి నిల్వ ఉంచిన మాంసం, మళ్లీమళ్లీ కాచి నల్లబడిన నూనె, బిర్యానీలో కలిపిన రంగు, మూతలేని చెత్తడబ్బా, వీటన్నిటినీ అధికారులు పట్టుకుంటున్నారు, మీరు రాస్తున్నారు, మేము చదువుతున్నాం. అందుకు ఒక పాఠకుడిగా కృతజ్ఞుణ్ణి. కానీ ఇన్నేళ్లలో అచ్చయిన ఆ ఫొటోల్లో పొయ్యికి పైన ఏముందో చూపించినది ఒక్కటి కూడా నా కంటపడలేదు. వంటగదిలోకి వెళ్లిన అధికారి కిందికీ పక్కలకీ చూస్తున్నారు గానీ, తలెత్తి, పొగను పట్టడానికి పొయ్యి పైన బిగించే రేకు గూడు, అంటే హుడ్ వైపు చూడడం లేదు. ఆ హుడ్ వెనక మొదలై మేడ మీద పొగను బయటికి లాగే పెద్ద ఫ్యాను, అంటే బ్లోయర్ దాకా వెళ్లే గొట్టం లోపల ఏం పేరుకుందో అడగడం లేదు. ఆ ఒక్క విషయం గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడవైనా పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను ఇరవై ఒక్క సంవత్సరాలు ద్వారకానగర్ ప్రాంతంలో హోటల్ నడిపి, మూడేళ్ల కిందట విరమించుకున్నవాణ్ణి. నాలుగు అంతస్తుల భవనంలో కింది అంతస్తు మాది. మా పైన ఒక దంతవైద్యుడి క్లినిక్, ఆ పైన కోచింగ్ సెంటర్, చివరి అంతస్తులో రెండు కుటుంబాలు ఉండేవి. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం నుంచి ఫ్రైడ్ రైస్, నూడుల్స్, తందూరీ, అంటే ఉదయం ఐదున్నరకు వెలిగిన పొయ్యి రాత్రి పదకొండు దాటితే గాని ఆరేది కాదు. నగరంలో మధ్యతరగతి హోటళ్లలో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తాయి కాబట్టి, మా వంటగదిలో జరిగినది మరెక్కడైనా జరగడానికి అవకాశం ఉంది.

ఏడేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి తొమ్మిది గంటల వేళ, హాలు నిండా జనం ఉండగా, చైనీస్ పొయ్యి మీద కడాయి ఎగరేస్తున్నప్పుడు లేచిన మంట ఎప్పటిలా కిందికి దిగకుండా హుడ్‌లోకి పోయింది. కడాయి నుంచి మంట లేవడం ఆ వంటలో రోజూ జరిగేదే. కానీ ఆ రోజు మధ్యాహ్నం కడగడానికి తీసిన హుడ్ జిడ్డు ఫిల్టర్లలో ఒకదాన్ని తిరిగి బిగించలేదు. ఖాళీగా ఉన్న ఆ గడి గుండా మంట నేరుగా గొట్టంలోకి దూరింది. పైన బ్లోయర్ లాగుతూనే ఉంది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్టు ఒక హోరు వినిపించింది. ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. కొత్తగా చేరిన హెల్పర్ కుర్రాడు బకెట్టుతో నీళ్లు ఎత్తి, "పోసేయమంటారా మాస్టారూ?" అని అరిచాడు. మా వంట మాస్టారు గ్యాస్ వాల్వు తిప్పుతూనే, "వద్దు బాబూ, నూనె మీద నీళ్లు పొయ్యకు, అందరం కాలిపోతాం" అని వాణ్ణి వెనక్కి తోసేశారు. ఆ వాల్వు కట్టే క్షణాల్లోనే ఆయన కుడి ముంజేయి కాలింది. ఆ మాట ఆయన అనకపోతే ఏం జరిగేదో తర్వాత తెలుసుకున్నాను. కాగుతున్న నూనెలో పడిన నీరు కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1700 రెట్లు వ్యాకోచిస్తుంది. ఆ ఆవిరి నూనెను తుంపరలుగా గాలిలోకి చిమ్మితే, ఆ తుంపర మొత్తం మంటగా మారుతుంది.

మా దగ్గర ఉన్న పొడి రకం అగ్నిమాపక సిలిండర్‌తో కడాయి మంట ఆరింది గానీ, గొట్టం లోపలికి ఆ పొడి ఎలా చేరుతుంది? రెండో అంతస్తు పక్కగా వెళ్లే గొట్టం ఎర్రగా కాగి, గోడ రంగు పొరలుపొరలుగా లేచిపోయింది. కోచింగ్ సెంటర్ ఆదివారం కావడంతో మూసి ఉంది. పై అంతస్తు కుటుంబాలను మా సర్వర్లే మెట్ల మీదుగా కిందికి దింపారు. వారిలో ఒకావిడ బాలింత. 101కు ఫోన్ చేశాక అగ్నిమాపక సిబ్బంది వచ్చి మంటలను అదుపు చేశారు. అంతా చల్లబడిన తర్వాత వారిలో పెద్దవారు ఒకరు గొట్టం మలుపు దగ్గర రేకును కోయించి, టార్చి వేసి నన్ను లోపలికి చూడమన్నారు. కాలిపోగా మిగిలిన జిడ్డు అక్కడ చిటికెన వేలి మందాన, తారు గడ్డకట్టినట్టు అతుక్కుని ఉంది. "ఇది ఎప్పుడు కడిగించారండీ?" అని ఆయన అడిగారు. నా దగ్గర జవాబు ఉంది, బిల్లు కూడా ఉంది. సరిగ్గా నాలుగు నెలల కిందట ఒక సంస్థకు డబ్బు చెల్లించి, "హుడ్, డక్టు పూర్తిగా శుభ్రపరచడమైనది" అని రాసి ముద్ర వేసిన కాగితం తీసుకున్నాను. వాళ్లు ఫిల్టర్లను వేడినీళ్లలో కడిగి, హుడ్‌కు లోపలా బయటా పాలిష్ పెట్టి, అద్దంలా మెరిపించి వెళ్లారు. గొట్టం లోపలికి ఎవరూ చెయ్యి కూడా పెట్టలేదు, ఎందుకంటే చెయ్యి పెట్టడానికి మా గొట్టానికి తలుపే లేదు. ఆ సంగతి వాళ్లు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మెరుస్తున్న హుడ్ చూసి తృప్తిపడి డబ్బు ఇచ్చిన తప్పు నాది. ఆ తప్పుకు నా వంట మాస్టారు చెయ్యి కాల్చుకున్నారన్న బాధ నన్ను ఈ రోజుకీ వదలలేదు.

ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను, తెలిసిన ఇంజనీర్లను అడిగాను. సామాన్య పాఠకులకు, ముఖ్యంగా హోటళ్ల పై అంతస్తుల్లో కాపురముంటున్నవారికి తెలియవలసినది ఇది. నూనె కాగినప్పుడు కొంత సన్నని తుంపరగా, కొంత ఆవిరిగా పైకి లేస్తుంది. హుడ్‌లోని ఫిల్టర్లు తుంపరలో పెద్ద బొట్లను ఆపుతాయి గానీ ఆవిరిని ఆపలేవు. ఆ ఆవిరి ముందుకు వెళ్లి, చల్లగా ఉన్న రేకు తగిలిన చోట తిరిగి జిడ్డుగా మారి అంటుకుంటుంది. గొట్టం మలుపుల్లో, అడ్డంగా పోయే భాగంలో, బ్లోయర్ రెక్కల మీద అది ఎక్కువగా చేరుతుంది. మొదట్లో తేనెలా జారుతూ ఉంటుంది, తర్వాత మసినీ పిండి దుమ్మునూ కలుపుకొని, రోజూ తగిలే వేడికి ఎండి, గోకినా రాని పెచ్చులా తయారవుతుంది. వంటనూనె సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దాటితే నిప్పు తగలకుండానే తనంతట తాను అంటుకుంటుంది. గొట్టంలోని జిడ్డుకు మంటే తగిలితే ఇక చెప్పేదేముంది? కింద నిప్పు, లోపల పొడవునా ఇంధనం, పైన గాలిని లాగే బ్లోయర్. దీన్ని గొట్టం అనడం కన్నా, నాలుగు అంతస్తుల భవనానికి ఆనించి నిలబెట్టిన పొయ్యి అంటే సరిపోతుంది.

"మాది గ్యాస్ పొయ్యి, మసి రాదు" అని చాలామంది తోటి యజమానులు నాతో అన్నారు. ఈ జిడ్డు గ్యాసు నుంచి రావడం లేదు, మనం వేపే పదార్థం నుంచి, పోసే నూనె నుంచి వస్తోంది. కరెంటు పొయ్యి మీద వేపినా వస్తుంది. బొగ్గు తందూరు, కట్టెల పొయ్యి ఉన్నచోట దానికి తోడు మసి, నిప్పురవ్వలు కూడా గొట్టంలోకి వెళతాయి కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

అమెరికాలో ఈ విషయానికే ప్రత్యేకంగా, అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) రూపొందించిన ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం బొగ్గు, కట్టెలతో వండేచోట నెలకోసారి, రోజంతా వంట జరిగే చోట, కడాయి వంట, నిప్పుల మీద కాల్చే వంట ఎక్కువగా ఉన్నచోట మూడు నెలలకోసారి, మధ్యస్థంగా వండేచోట ఆరు నెలలకోసారి, ఎప్పుడో గాని వండని చోట ఏడాదికోసారి హుడ్ మొదలుకొని బ్లోయర్ దాకా మొత్తం వ్యవస్థను తనిఖీ చేయాలి, జిడ్డు పేరుకుని ఉంటే శుభ్రం చేయించాలి. గొట్టం లోపల జిడ్డు రెండు మిల్లీమీటర్లకు చేరిందంటే ఇక ఆగకూడదని అందులో ఉంది. బ్రిటన్‌లో అనుసరించే టీఆర్ 19 ప్రమాణం ఇంకా కఠినం. సగటున 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు, మామూలు విజిటింగ్ కార్డు కన్నా పలచని పొర ఉన్నా కడిగించాల్సిందే. మా గొట్టం మలుపులో ఉన్నది చిటికెన వేలి మందం. రోజుకు పదిహేడు పద్దెనిమిది గంటలు పొయ్యి వెలిగిన మా హోటల్, ఆ లెక్కన కనీసం మూడు నెలలకోసారి తనిఖీ జరగవలసిన కోవలోకి వస్తుంది. నేను ఏడాదికోసారి చేయిస్తూ, అదే గొప్పనుకున్నాను. ఇవి మన దేశపు చట్టాలు కావు కాబట్టి మనకెందుకు అనేవారు ఉండవచ్చు. నూనె అంటుకునే వేడి అక్కడా ఇక్కడా ఒకటే, మన వంటల్లో పోపు, వేపుడు పాళ్లు అక్కడి కన్నా తక్కువేమీ కావు.

విశాఖకు ప్రత్యేకమైన ఒక సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా మేడ మీది బ్లోయర్, దాని పైకప్పు, గొట్టంలో సగం ఊడి పక్కవీధిలో పడ్డాయి. కరెంటు లేక, నీళ్లు లేక నగరమంతా అల్లాడుతున్న ఆ రోజుల్లో, నాలుగు రోజుల్లో హోటల్ తెరవాలన్న ఆత్రంతో దొరికిన పలచని జింకు రేకుతో, రివెట్లు కొట్టి, సందుల్లో సిలికాన్ పూసి గొట్టం కట్టించేశాను. వంటగది గొట్టానికి ఎన్‌ఎఫ్‌పీఏ అడిగేది మామూలు ఉక్కయితే 16 గేజి, స్టెయిన్‌లెస్ స్టీలయితే 18 గేజి మందం రేకు (గేజి అంకె తగ్గేకొద్దీ రేకు మందం ఎక్కువ). అతుకులన్నీ జిడ్డు కారకుండా వెల్డింగ్ చేయాలి. ఏసీ గొట్టాలు కట్టేవారు వంటగది గొట్టాన్నీ అదే పద్ధతిలో కడితే, రివెట్ల సందుల్లోంచి జిడ్డు బయటికి కారి, గోడకూ గొట్టానికీ మధ్య ఉన్న చెక్కకూ వైర్లకూ అంటుతుంది. మా గొట్టం అతుకుల దగ్గర గోడ మీద గోధుమరంగు చారలు ఎన్నో నెలలుగా కనిపిస్తూనే ఉన్నాయి. వాన నీటి మరకలనుకున్నాను. పాఠకుల్లో ఎవరైనా హోటల్ ఉన్న భవనంలో ఉంటే, పొగగొట్టం వెళ్లే గోడ మీద అలాంటి చారలున్నాయేమో ఒకసారి చూడండి. ఇక సముద్రపు గాలి సంగతి బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉండేవారికి చెప్పనక్కరలేదు. ఇనుప బోల్టు ఏదైనా ఆ ఉప్పుగాలికి ఎంతో కాలం నిలవదు. బ్లోయర్ మూత, గొట్టం తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోతే, శుభ్రం చేయడానికి వచ్చినవారు వాటిని తెరవలేక అలాగే వదిలేసి వెళతారు. తీరం పొడవునా ఉన్న హోటళ్లు ఆ బోల్టులను స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించుకుంటే చాలావరకు ఈ తిప్పలు తప్పుతాయి.

సరైన శుభ్రత ఎలా ఉంటుందో నేను ప్రమాదం తర్వాతే చూశాను. కొత్త గొట్టం కట్టించి, మలుపు మలుపుకూ, అడ్డంగా పోయే భాగంలో పన్నెండు అడుగులకొకటి చొప్పున తలుపులు పెట్టించాక, వేరే బృందాన్ని పిలిచాను. వాళ్లు రాత్రి హోటల్ మూశాక వచ్చి, ముందు గ్యాసు కట్టించి, బ్లోయర్ మెయిన్ స్విచ్ తీయించి, పొరపాటున ఎవరూ వేయకుండా దానికి తాళం వేసి, తాళంచెవి తమ జేబులో పెట్టుకున్నారు. ఆ ఒక్క పనితోనే వాళ్ల మీద నాకు నమ్మకం కుదిరింది. పొయ్యిలూ బల్లలూ ప్లాస్టిక్ పరదాలతో కప్పి, హుడ్ చుట్టూ అదే పరదాను గరాటులా కట్టి, కారే నీరంతా డ్రమ్ములోకి దిగేలా ఏర్పాటు చేశారు. ఆ తర్వాత మేడ మీద నుంచి మొదలుపెట్టారు. ముందు బ్లోయర్ రెక్కలు, తర్వాత గొట్టం, చివర హుడ్. గట్టిపడిన జిడ్డును గోకుడు కత్తులతో పెచ్చులుగా లేపి సంచుల్లోకి ఎత్తి, మిగిలినదాని మీద మందు పూసి, కొంతసేపు నాననిచ్చి, వేడినీళ్ల ప్రెషర్‌తో కడిగారు. తెల్లవారుజామున ఐదింటికి ముగించి, ప్రతి తలుపు దగ్గరా కడగక ముందు, కడిగిన తర్వాత తీసిన ఫొటోలు చూపించారు. కాగితం మీద, "మూడో అంతస్తు గోడలోంచి వెళ్లే రెండడుగుల భాగానికి చెయ్యి అందలేదు, శుభ్రం కాలేదు" అని కూడా రాశారు. చేయలేకపోయినదాన్ని కూడా రాసిచ్చే నిజాయితీ ఉన్న కాగితాన్ని ఈ వ్యాపారంలో నేను మొదటిసారి చూశాను. ఆ రెండడుగుల చోట మరో తలుపు పెట్టించాను. ఇంత పనికీ నాకైన ఖర్చు, మా హోటల్‌కు ఒక ఆదివారం వచ్చే అమ్మకంలో సగం కూడా లేదు.

ఫిల్టర్ల విషయంలో ఒక మాట. మన దగ్గర ఇప్పటికీ కొన్ని హోటళ్లలో వలలాంటి జాలీ ఫిల్టర్లు వాడుతున్నారు. అవి జిడ్డును తమలోనే నింపుకొని, మంట తగిలితే వత్తిలా మండుతాయి. వంకర పలకలుగా ఉండే బ్యాఫిల్ ఫిల్టర్లు జిడ్డును కింది ట్రేలోకి జార్చేస్తాయి, మంటను కూడా కొంతవరకు అడ్డుకుంటాయి. జిడ్డు జారాలంటే వాటిని కనీసం 45 డిగ్రీల వాలులో పెట్టాలి. వాటిని కడిగిన ప్రతిసారీ అన్నీ తిరిగి బిగించాకే పొయ్యి వెలిగించాలన్న నియమం మా వంటగదిలో ఉండి ఉంటే, ఆ ఆదివారం ఏమీ జరిగేది కాదు. నూనె మంటలకు ప్రత్యేకించిన, పొటాషియం లవణాల ద్రావణం నింపిన కె తరగతి సిలిండర్ కూడా వంటగదిలో ఒకటి ఉండాలి. ఆ ద్రావణం కాగిన నూనెతో కలిసి సబ్బు నురగలాంటి పొర కట్టి, మంటను మూసి, నూనెను చల్లబరుస్తుంది. పొడి రకం సిలిండర్ మంటను ఆర్పినా నూనెను చల్లబరచదు కాబట్టి అది మళ్లీ అంటుకునే ప్రమాదం ఉంటుంది.

ఈ పని చేసే కుర్రవాళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. నేను చూసినంతలో వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచీ, సరిహద్దు దాటి ఒడిశా నుంచీ వచ్చినవాళ్లు. పగలంతా వేరే పని చేసి రాత్రి దీనికి వస్తారు. మొదట మా హుడ్‌కు పాలిష్ పెట్టి వెళ్లిన సంస్థ పంపిన కుర్రవాళ్లు కాస్టిక్ సోడా నీళ్లలో ఒట్టి చేతులు పెట్టి ఫిల్టర్లు తోమారు. కాస్టిక్ సోడా జిడ్డును సబ్బుగా మార్చేసినట్టే మనిషి చర్మాన్నీ తినేస్తుంది, కంట్లో పడితే చూపు పోగలదు. అల్యూమినియం ఫిల్టర్లను అందులో ముంచితే లోహం కరిగి, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, జారని బూట్లు, మేడ అంచున పనిచేసేటప్పుడు నడుముకు బెల్టు, పక్కన మంచినీళ్ల పైపు, ఇవి ఇవ్వలేని సంస్థను హోటల్ గడప తొక్కనివ్వకూడదు. తక్కువ రేటు చెప్పిన వాడికే పని ఇచ్చే మా యజమానుల అలవాటే వాళ్ల చేతులకు తొడుగులు లేకుండా చేసిందని నేను ఒప్పుకుంటున్నాను.

కడిగిన మురికి ఎక్కడికి పోతున్నదీ చూడాలి. గోకి తీసిన జిడ్డును, సబ్బునీళ్లను నేరుగా వీధి కాలువలోకి వదిలితే, చల్లబడి గడ్డకట్టి కాలువను పూడుస్తుంది. మిగిలినది గెడ్డల (వాగుల) గుండా సముద్రంలోకి చేరుతుంది. వాడిన వంటనూనెను సేకరించి బయోడీజిల్ వంటివాటికి మళ్లించే కార్యక్రమాన్ని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లో మొదలుపెట్టింది. ఆ ఏడాది జూలై 1 నుంచే నూనెలో, అది కాగేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడరాదన్న నియమం కూడా వచ్చింది. బాణలిలోని నూనెకు లెక్క అడుగుతున్న ఈ వ్యవస్థ, అదే నూనె ఆవిరై గొట్టంలో పేరుకుంటే దాని లెక్క కూడా అడగాలన్నదే నా విన్నపం.

2011 నాటి ఆహార భద్రత లైసెన్సు నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు వంటగదిలో గాలి ప్రసారం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల గురించి మాట్లాడుతుంది గానీ, దాని దృష్టి ఆహారం కలుషితం కాకుండా చూడడం మీదే ఉంది. అగ్నిమాపక శాఖ మన రాష్ట్రంలో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద భవనం ఎత్తును, విస్తీర్ణాన్ని, వాడకాన్ని బట్టి నిరభ్యంతర పత్రం ఇస్తుంది. ఎత్తు తక్కువ భవనంలో కింది అంతస్తులో నడిచే మా వంటి చిన్న హోటల్ దగ్గరకు ఆ ప్రశ్న రాలేదు. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరిస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లలో నన్ను గొట్టం గురించి ఎవరూ అడగలేదు. మూడు కార్యాలయాల్లో ఏ ఒక్కరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. ముగ్గురి మధ్య ఈ గొట్టం ఎవరిదీ కాకుండా పోయిందని మాత్రమే చెబుతున్నాను.

కాబట్టి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కమిషనర్ గారిని, జిల్లా అగ్నిమాపక అధికారి గారిని మీ పత్రిక ముఖంగా కోరుతున్నది ఇది. హోటళ్లు, హాస్టల్ మెస్‌లు, ఆసుపత్రి క్యాంటీన్లు, కల్యాణ మండపాల ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరణకు హుడ్ నుంచి బ్లోయర్ దాకా శుభ్రం చేసిన నివేదికను జతచేయడం తప్పనిసరి చేయండి. అందులో ప్రతి తలుపు దగ్గరా తీసిన ముందు, తర్వాత ఫొటోలు, తేదీ, జిడ్డు మందం, చెయ్యి అందని భాగాల వివరం ఉండాలి. హుడ్ మీద ఎవరికైనా కనిపించేలా చివరిసారి కడిగిన తేదీ, మళ్లీ కడగవలసిన తేదీ అంటించాలి. తలుపులు లేని గొట్టానికి "శుభ్రపరచడమైనది" అన్న కాగితం చెల్లదని ఒక్క వాక్యం రాస్తే, నాకు ఇచ్చినటువంటి బిల్లులు చాలావరకు ఆగిపోతాయి. పై అంతస్తుల్లో ఉండేవారు అడిగినప్పుడు ఆ నివేదికను చూపించే బాధ్యత యజమానికి ఉండాలి. వాళ్ల పడకగది గోడను ఆనుకునే కదా మన గొట్టం వెళ్లేది.

ఇది చదివి మా తోటి యజమానులు కొందరు కోపగించుకుంటారని తెలుసు. ఒక రాత్రి వంటగదిని అప్పగించడం ఎంత కష్టమో నాకూ తెలుసు. మాంసాహార హోటళ్లకు కార్తీక మాసంలో గిరాకీ ఎలాగూ తగ్గుతుంది, చాలామంది రంగులూ మరమ్మతులూ అప్పుడే పెట్టుకుంటారు. గొట్టానికి తలుపులు కోయించడం, రేకు మార్పించడం వంటి పెద్ద పనులు ఆ నెలలో పెట్టుకుంటే నష్టం ఉండదు. అయితే ఏడాదికి ఆ ఒక్కసారితో సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మార్గశిరం వచ్చేసరికి బాణలి మళ్లీ రోజంతా కాగుతుంది. కల్యాణ మండపాల వారు "మాకు ముహూర్తాలున్నప్పుడే వంట" అంటారు. నిజమే, కానీ కట్టెల పొయ్యిల మీద వందల మందికి వండే ఆ కొద్ది రోజుల్లో చేరే మసి తక్కువది కాదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగిస్తున్నవి ఈ మధ్య ఎంవీపీ కాలనీ, మధురవాడ వంటి చోట్ల నివాస భవనాల్లో వెలసిన, కూర్చుని తినే చోటు లేకుండా కేవలం ఫోన్ ఆర్డర్లకు వండి పంపే వంటగదులు. వాటిలో ఒకదానికి సలహా కోసం ఒక కుర్రవాడు నన్ను తీసుకెళ్లాడు. మూడు గదుల ఫ్లాటులో నాలుగు పెద్ద పొయ్యిలు, గదిలోనే 19 కిలోల సిలిండర్లు, పొగను స్నానాలగదుల గాలి కోసం వదిలిన సందులోకి వదిలే చిన్న ఫ్యాను. ఆ సందులోకే పైనున్న నాలుగు ఇళ్ల కిటికీలు తెరుచుకుంటాయి. అతను చెడ్డవాడు కాదు, కష్టపడి పైకి రావాలనుకుంటున్న పిల్లవాడు. అది తప్పని చెప్పినవారే లేరు. నేను చెప్పాక నెల రోజుల్లో వేరే చోటికి మారాడు.

ప్రమాదం జరిగిన రాత్రి అగ్నిమాపక సిబ్బంది కోసిన గొట్టం మలుపు ముక్కను, లోపలి జిడ్డుతో సహా, ప్లాస్టిక్ సంచిలో చుట్టి మా ఇంటి మేడ మీద ఇప్పటికీ దాచి ఉంచాను. జీవీఎంసీ గానీ, అగ్నిమాపక శాఖ గానీ, హోటల్ యజమానుల సంఘం గానీ ఈ విషయం మీద ఎప్పుడు సమావేశం పెట్టినా, దాన్ని తీసుకుని వస్తాను. నా చిరునామా, ఫోన్ నంబరు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. అడిగినవారికి ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత హోటల్ యజమాని,
సీతమ్మధార, విశాఖపట్నం